ఎనిమిది కెమెరాలకి ఏ డబ్బా కొనాలి: ఎన్‌వీఆరా, పాత ఆఫీసు కంప్యూటరా, మినీ పీసీయా?

మొన్న మావయ్య ఫోన్ చేశారు. "ఏరా అల్లుడూ, ఇంటి చుట్టూ కెమెరాలు పెట్టిద్దామనుకుంటున్నాను. షాపు కుర్రాడేమో పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ తీసుకోమంటున్నాడు, దానికే లక్ష దాటేలా ఉంది. అంత కావాలంటావా?" అని అడిగారు. "అక్కర్లేదు మావయ్యా, మీరు అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి, ఆదివారం నేను వస్తాను" అన్నాను. ఆయన ఊరు రాజోలు దగ్గర. ఇల్లు, ఇంటి వెనక కొబ్బరి తోట, తోట దాటాక రొయ్యల చెరువు. పిల్లల్లో ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు కువైట్‌లో ఉంటారు, ఇంట్లో ఆయనా అత్తయ్యా మాత్రమే. ఇలాంటి ఇళ్ళు మా వైపు చాలా ఉన్నాయి కాబట్టి ఆయనకి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అసలు విషయం ఏంటంటే, వీడియో రికార్డు చేసి దాచడం ఒక పని, ఆ వీడియోలో మనిషి వచ్చాడో కుక్క వచ్చిందో చూసి ఫోన్‌కి చెప్పడం ఇంకో పని. ఈ రెండిటినీ కలిపి చూడటం వల్లే లక్ష రూపాయల కంప్యూటర్ మాట వస్తుంది. నా సలహా, రెండు పనులూ రెండు డబ్బాలకి పంచేయండి. ఒకటి ఆగిపోయినా రెండోది నడుస్తూ ఉంటుంది.

రికార్డింగ్ ఎంత తేలికైన పనో లెక్క చూడండి. మావయ్యకి కావాల్సినవి ఎనిమిది కెమెరాలు: వీధి గేటు, అరుగు, పెరటి గుమ్మం, ఇంటికి రెండు పక్కలా రెండు, దింపు తీసిన కాయలు రాశి పోసే షెడ్డు, చెరువు గట్టు మీద రెండు. నాలుగు మెగాపిక్సెల్ కెమెరాని హెచ్.265 (వీడియోని కుదించే ఒక పద్ధతి)లో పెడితే సుమారు 4 ఎంబీపీఎస్ (సెకనుకి 4 మెగాబిట్లు) ఇస్తే బొమ్మ బాగానే ఉంటుంది. ఎనిమిదికి 32 ఎంబీపీఎస్, ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకి 4 మెగాబైట్లు. మామూలు హార్డ్ డిస్క్ కూడా సెకనుకి 100 మెగాబైట్లకి పైనే రాయగలదు. కెమెరా తనే వీడియోని కుదించి పంపిస్తుంది, అవతల డబ్బా దాన్ని తెరిచి చూడకుండా వచ్చింది వచ్చినట్టు డిస్క్‌లో రాసేస్తుంది. దీనికి ప్రాసెసర్ పెద్దగా కష్టపడదు, గ్రాఫిక్స్ కార్డుకి అసలు పనే లేదు.

డబ్బు పెట్టాల్సింది డిస్క్ మీద. ఒక ఎంబీపీఎస్ 24 గంటలు ఆగకుండా రాస్తే రోజుకి 10.8 జీబీ అవుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, ఎవరిని అడగక్కర్లేదు. మావయ్య లెక్కలో 32ని 10.8తో గుణిస్తే రోజుకి దాదాపు 346 జీబీ. 4 టీబీ డిస్క్‌లో పదకొండున్నర రోజులు నిలుస్తుంది, 6 టీబీలో పదిహేడు రోజులు. మా వైపు కొబ్బరి దింపు సుమారు నలభై, నలభై అయిదు రోజులకి ఒకసారి తీస్తారు కాబట్టి రెండు దింపుల మధ్య మొత్తం ఉండాలని మావయ్య అడిగారు. అన్ని కెమెరాలకీ అంత అక్కర్లేదండి. కాయల షెడ్డుదీ గేటుదీ ఎక్కువ రోజులు, మిగతావన్నీ వారం రోజులు ఉంచితే 6 టీబీతో సర్దుకోవచ్చు. ఒక్కో కెమెరాకి వేరుగా రోజులు పెట్టుకునే వీలు ఉందో లేదో కొనేముందే అడగండి, అన్ని రికార్డర్లలోనూ ఉండదు.

డిస్క్ కొనేటప్పుడు కెమెరాల కోసమని చేసినదే తీసుకోండి, డబ్ల్యూడీ పర్పుల్ గానీ సీగేట్ స్కైహాక్ గానీ. ఇది రంగు స్టిక్కర్ కోసం ఇచ్చే డబ్బు కాదు. రోజుకి 346 జీబీ అంటే ఏడాదికి 126 టీబీ రాత. ఈ రెండు రకాలూ ఏడాదికి 180 టీబీ పని తట్టుకుంటాయని కంపెనీలే చెప్తున్నాయి, మామూలు డెస్క్‌టాప్ బర్రాకుడా లాంటి డిస్క్‌కి ఆ అంకె 55 టీబీ. మీ ఇంట్లో పాత కంప్యూటర్‌లోంచి తీసిన డిస్క్ ఉంటే అది ఫొటోలు దాచుకోడానికి పనికొస్తుంది గానీ దీనికి వద్దు. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేని, చిప్‌లతో చేసిన డిస్క్) మీద రాద్దామని కొందరు అడుగుతారు. చాలా 500 జీబీ ఎస్‌ఎస్‌డీలకి మొత్తం జీవితకాలంలో 150 నుంచి 300 టీబీ రాతకే హామీ ఉంటుంది, ఈ వేగంతో ఏడాది నుంచి రెండున్నరేళ్ళలోపే అయిపోతుంది. పైగా 500 జీబీలో ఒకటిన్నర రోజు కూడా పట్టదు. మినీ పీసీలో సిస్టం కోసం ఎస్‌ఎస్‌డీ, వీడియోలకి హార్డ్ డిస్క్, అంతే.

ఇక రెండో పని, చూసి చెప్పడం. పాత పద్ధతి కెమెరాలు బొమ్మలో ఏది కదిలినా అలారం కొడతాయి. కొబ్బరి తోటలో ఏది కదలదు చెప్పండి! గాలికి మట్టలు ఊగుతాయి, వాటి నీడలు ఊగుతాయి, రాత్రయితే కెమెరా ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకి పురుగులు మూగుతాయి, వాటి కోసం సాలీడు లెన్స్ ముందే గూడు కడుతుంది. మా ఇంట్లో మొదట్లో రాత్రికి వందల మెసేజ్‌లు వచ్చేవి, వారం తిరిగేసరికి అందరం నోటిఫికేషన్ ఆపేసుకున్నాం. అసలు కెమెరాలు పెట్టింది ఎందుకు, అమ్మానాన్న నిశ్చింతగా పడుకోవాలని కదా. అలారం ఆపేశాక దొంగ వచ్చినా తెల్లారాక చూసుకోవడమే. అందుకే మనిషినీ వాహనాన్నీ గుర్తుపట్టి, మిగతావి వదిలేసేది ఏదో ఒకటి ఉండాలి. ప్రాసెసర్ గురించి ఆలోచించాల్సింది ఇక్కడే.

ఇప్పుడు దారులు చూద్దాం.

రెడీమేడ్ ఎన్‌వీఆర్ (నెట్‌వర్క్ కెమెరాల వీడియో రికార్డు చేసి దాచే డబ్బా): పెద్దవాళ్ళు మాత్రమే ఉండే ఇంటికి నేను మొదట చెప్పేది ఇదే. టీవీకి తగిలిస్తే మౌస్‌తో నడుస్తుంది, అప్‌డేట్ల గోల తక్కువ, కరెంటు పోయి వస్తే దానంతట అదే లేస్తుంది, చెడిపోతే అమలాపురంలోనో భీమవరంలోనో చూసేవాళ్ళు దొరుకుతారు. ఇప్పుడు చాలా కెమెరాల్లోనే మనిషినీ వాహనాన్నీ గుర్తుపట్టే సౌకర్యం ఉంటోంది. అలాంటి కెమెరాలు తీసుకుంటే చాలామందికి ఇంక కంప్యూటర్ అవసరమే రాదు. కొనేటప్పుడు డబ్బా మీద 'ఇన్‌కమింగ్ బ్యాండ్‌విడ్త్' అని ఉండే అంకె చూడండి, మీ కెమెరాల ఎంబీపీఎస్‌ల మొత్తం కంటే బాగా ఎక్కువ ఉండాలి.

ఒక్క జాగ్రత్త. వెనక పీఓఈ పోర్టులు (నెట్‌వర్క్ వైరులోనే కెమెరాకి కరెంటు కూడా ఇచ్చేవి) ఉన్న ఎన్‌వీఆర్ కంటే, పోర్టులు లేని ఎన్‌వీఆర్, దాని పక్కన విడిగా పీఓఈ స్విచ్ తీసుకోవడం మంచిది. ఖర్చు కాస్త పెరుగుతుంది. కానీ పోర్టులున్న ఎన్‌వీఆర్‌లో కెమెరాలు దాని లోపలి నెట్‌వర్క్‌లో ఉండిపోతాయి, రేపు పక్కన మినీ పీసీ పెడితే దానికి నేరుగా కనపడవు. రెండో కారణం పిడుగు, దాని గురించి కింద చెప్తాను.

మినీ పీసీ: ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న చిన్న డబ్బాలు ఈ పనికి చాలా బాగుంటాయి. 2023లో వచ్చిన చిప్ అది, నాలుగు కోర్లు, 6 వాట్ల రేటింగ్. దాని లోపల ఉండే చిన్న గ్రాఫిక్స్ భాగమే హెచ్.264నీ హెచ్.265నీ తెరిచి చూడగలదు, మనిషిని గుర్తుపట్టే లెక్కలు కూడా చేయగలదు. ఫ్రిగేట్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ లినక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత సిస్టం) మీద వేసుకుంటే సరిపోతుంది, 8 జీబీ మెమరీ చాలు, 16 ఉంటే ఇంకా నిశ్చింత. ప్రతి కెమెరా రెండు వీడియోలు పంపగలదు, ఒకటి పూర్తి నాణ్యతది, ఒకటి చిన్నది. చిన్నదాన్ని సెకనుకి అయిదు ఫ్రేములు చూస్తే గుర్తుపట్టడానికి సరిపోతుంది. చెరువు గట్టు కెమెరాకి మాత్రం ఇది చాలదు, దూరంగా ఉన్న మనిషి ఆ చిన్న బొమ్మలో చీమంత ఉంటాడు, అందుకని ఆ రెండిటికీ పెద్ద వీడియోనే ఇవ్వాలి. ఎన్100 ఆ రెండు మోయగలదు.

దీని లోటు ఏంటంటే పెద్ద హార్డ్ డిస్క్ లోపల పట్టదు. యూఎస్‌బీ డబ్బాలో పెట్టి బయట తగిలించాలి, ఆ డబ్బాకి వేరే అడాప్టర్, ఆ వైరు ఎవరి కాలికో తగిలితే రికార్డింగ్ పోతుంది. నేను రెండు పనులూ విడదీయమనడానికి ఇది ఒక పెద్ద కారణం. రికార్డింగ్ ఎన్‌వీఆర్ చూసుకుంటే మినీ పీసీకి డిస్క్ బెంగ లేదు, అలారం వచ్చిన చిన్న క్లిప్పులు మాత్రం తన ఎస్‌ఎస్‌డీలో ఉంచుకుంటుంది.

పాత ఆఫీసు కంప్యూటర్: డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరుకుతాయి. సాఫ్ట్‌వేర్ మీద ఆసక్తి ఉండి, అన్నీ ఒకే డబ్బాలో కావాలనుకునేవాళ్ళకి ఇది మినీ పీసీ కంటే మేలు, ఎందుకంటే సన్నగా ఉండే ఎస్‌ఎఫ్‌ఎఫ్ మోడల్‌లో కూడా పెద్ద హార్డ్ డిస్క్ ఒకటి లోపల పడుతుంది. బాగా చిన్నగా అరచేతిలో పట్టేవి వద్దు, వాటిలో పట్టదు. ప్రాసెసర్ జనరేషన్ (ఎన్నో తరానిదో) మాత్రం తప్పకుండా చూడండి. నాలుగో తరం ఐ5 చవగ్గా ఇస్తామంటారు, దానికి హెచ్.265 తెరిచే హార్డ్‌వేర్ లేదు, ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ రొద మొదలవుతుంది. ఆరో తరం నుంచి ఉంది. నేనైతే ఎనిమిదో తరం కంటే కిందకి దిగను, ఎందుకంటే విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, విండోస్ 11కి అధికారికంగా ఎనిమిదో తరం కావాలి. బ్లూ ఐరిస్ లాంటి విండోస్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి అది ముఖ్యం, లినక్స్ వాళ్ళకి కాదు. కొత్తవి చూసేటప్పుడు ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే తీసుకోకండి, అందులో గ్రాఫిక్స్ భాగం ఉండదు, మనకి కావాల్సిందే అది.

గ్రాఫిక్స్ కార్డున్న పెద్ద డెస్క్‌టాప్: ఇంటికి వద్దు. ఇరవై, ముప్పై కెమెరాలున్న ప్రాసెసింగ్ ప్లాంటుకైతే ఆలోచించవచ్చు.

రాస్ప్‌బెర్రీ పై ఒకటి రెండు కెమెరాలతో నేర్చుకోడానికి బాగుంటుంది. పై 5లో హెచ్.264 తెరిచే హార్డ్‌వేర్ తీసేశారు, హెచ్.265 మాత్రమే మిగిలింది. ఎనిమిది కెమెరాలకి దాన్ని చూడకండి.

ఇంతకుముందే డీవీఆర్ (పాత రకం రికార్డర్), కోయాక్సియల్ వైరు కెమెరాలు ఉన్నవాళ్ళు వాటిని పీకేయక్కర్లేదు. ఆ డీవీఆర్ ఆర్‌టీఎస్‌పీ (వీడియోని నెట్‌వర్క్ మీద వేరే డబ్బాకి పంపే పద్ధతి) ఇస్తుందేమో చూడండి, ఇస్తే పక్కన ఎన్100 డబ్బా ఒకటి పెడితే చాలు.

కరెంటు సంగతి మన దగ్గర ప్రాసెసర్ కంటే ముఖ్యం. 24 గంటలు నడిచేది 100 వాట్లు తాగితే నెలకి 72 యూనిట్లు, 15 వాట్లయితే 11 యూనిట్లు కూడా కాదు. బిల్లు ఒక్కటే కాదండి. మావయ్య ఇంట్లో లెక్క వేస్తే (చెరువు దగ్గరి రెండిటికీ కరెంటు వేరే లైను నుంచి వస్తుంది, అయినా వాటినీ కలుపుకుంటే) ఎనిమిది కెమెరాలు రాత్రి పూట 50 వాట్ల దాకా, స్విచ్, ఎన్‌వీఆర్, రౌటర్, మినీ పీసీ కలిపి ఇంకో 45, మొత్తం 95 దరిదాపుల్లో. ఆయనకున్న 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో నష్టాలన్నీ పోను 1200 వాట్-గంటలు వాడుకోవచ్చనుకుంటే పన్నెండు గంటలకి పైనే వస్తుంది, ఫ్యాన్లు వేసుకుంటే ఆ మేరకు తగ్గుతుంది. దాని మీద 100 వాట్ల గ్రాఫిక్స్ కంప్యూటర్ పెడితే ఆ సమయం సగానికి పడిపోతుంది. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమలో కరెంటు ఎన్ని రోజులు లేకుండా ఉండగలదో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఊరంతా చీకటిగా ఉన్న రాత్రే కెమెరా నడవాలి.

ఇన్వర్టర్‌ని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మారే ఆ క్షణంలో కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదలవుతుంది. కంప్యూటర్ బయోస్‌లో (విండోస్, లినక్స్ మొదలయ్యే ముందు వచ్చే సెట్టింగ్‌లలో) కరెంటు రాగానే తనంతట తాను ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేయించుకోవడం మరచిపోకండి. మరచిపోతే అత్తయ్య బటన్ నొక్కేదాకా అంతా ఆగి ఉంటుంది, ఆగిపోయినట్టు ఎవరికీ తెలియదు.

ఇప్పుడు పిడుగు. రెండేళ్ళ కిందట మే నెలలో, సాయంత్రం ఈదురుగాలితో వాన పడుతుంటే మా తోటలో కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. ఆ చెట్టుకి దగ్గరగా మోటారు షెడ్డు, షెడ్డు మీద కెమెరా, దాని నుంచి ఇంట్లోకి 80 మీటర్ల రాగి వైరు. కెమెరా పోయింది, వైరు వెంట వచ్చిన దెబ్బకి ఎన్‌వీఆర్ వెనక పోర్టులన్నీ పోయాయి, ఎన్‌వీఆర్‌కి తగిలించిన టీవీ కూడా పోయింది. బిగించిన వాళ్ళని అడిగితే పిడుగుకి గ్యారంటీ లేదన్నారు, అది నిజమే. కానీ తోటలోకి వేసే వైరుకి ఏం జాగ్రత్త తీసుకోవాలో వాళ్ళు ముందు చెప్పాల్సింది, చెప్పలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది, అమ్మ ఆ రోజు టీవీ ముందే కూర్చుని ఉంది.

అప్పటి నుంచి నేను అందరికీ చెప్పేది, ఇంటి గోడ దాటి తోటలోకి, చెరువు మీదకి వెళ్ళేది ఫైబర్ కేబుల్ అయి ఉండాలి, లోహపు తీగ లేని రకం. గాజులో కరెంటు ప్రవహించదు. రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ని మామూలు నెట్‌వర్క్ వైరుకి కలిపే చిన్న డబ్బాలు) పెడితే సరిపోతుంది, చెరువు దగ్గర కెమెరాలకి కరెంటు ఎలాగూ ఏరియేటర్ల లైను నుంచి దొరుకుతుంది. పైగా రాగి నెట్‌వర్క్ వైరు 100 మీటర్లకి మించి పనికిరాదు, మావయ్య చెరువు 200 మీటర్ల పైన ఉంది. వైర్‌లెస్ బ్రిడ్జ్ పెడదామని షాపులో అన్నారట, మధ్యలో కొబ్బరిచెట్లు ఉన్నాయి, ఆకులు తడిస్తే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దాటడం కష్టం. విడి పీఓఈ స్విచ్ తీసుకోమన్నది కూడా ఇందుకే, ఇంటి గోడల మీద కెమెరాల నుంచి దెబ్బ వచ్చినా ముందు స్విచ్ తీసుకుంటుంది, రికార్డర్ బతికే అవకాశం ఎక్కువ. ఎర్త్ గుంట సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

రాగి వైరు వేసే చోట పూర్తి రాగి క్యాట్6 అని అడిగి తీసుకోండి. సీసీఏ అని చవగ్గా వచ్చేది లోపల అల్యూమినియం, పైన రాగి పూత. పీఓఈ కరెంటు దూరం వెళ్ళేసరికి వోల్టేజ్ పడిపోతుంది, ఉప్పు గాలి తగిలే మా ఊళ్ళలో కనెక్టర్ దగ్గర తొందరగా పాడవుతుంది. అంతర్వేది వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్ళయితే బయటి జాయింట్లన్నీ మూత ఉన్న డబ్బాల్లోనే ఉంచండి. లోపల చీమలూ బల్లులూ చేరకుండా వైరు దూరే కన్నాలు మూసేయండి, బల్లి సర్క్యూట్ బోర్డు మీద పాకితే మొత్తం పోయిన సందర్భం నేను చూశాను.

లంక గ్రామాల్లో ఉన్నవాళ్ళు రికార్డర్ డాబా మీది గదిలో పెట్టుకోండి, 2022 జూలై వరదలో కింది గదుల్లో ఉన్నవి ఏమయ్యాయో చూశాం కదా. గాలి ఆడని చెక్క బీరువాలో మాత్రం వద్దు.

కెమెరాల విషయానికొస్తే, మన దేశంలో 2025 ఏప్రిల్ 9 నుంచి కొత్తగా అమ్మే సీసీటీవీ కెమెరాలకి ప్రభుత్వ భద్రతా పరీక్షల సర్టిఫికెట్ తప్పనిసరి చేశారు, ఎస్‌టీక్యూసీ అని అడగండి. 2016లో మిరాయ్ అనే వైరస్ కంపెనీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాల్లోకీ డీవీఆర్‌లలోకీ లక్షల్లో దూరింది. అందుకే మొదటి రోజే పాస్‌వర్డ్ మార్చండి, బయటి నుంచి చూడటానికి రౌటర్‌లో పోర్టులు (ఇంటర్నెట్ నుంచి ఇంట్లోకి దారులు) తెరవమని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. కువైట్‌లో ఉన్న మా మరదలు టెయిల్‌స్కేల్ (ఫోన్‌ని ఇంటి నెట్‌వర్క్‌కి భద్రంగా కలిపే యాప్) పెట్టుకుని చూస్తోంది, ఇంట్లో పోర్టు ఏదీ తెరవలేదు. పక్కింటి వాళ్ళ పెరడూ బావి గట్టూ కెమెరాలో పడితే ఆ భాగాన్ని నల్లగా కప్పేసే సెట్టింగ్ ఉంటుంది, వాళ్ళు అడగకముందే కప్పేయండి.

మావయ్య చివరికి పోర్టులు లేని ఎన్‌వీఆర్, 6 టీబీ పర్పుల్ డిస్క్, విడి స్విచ్, చెరువుకి ఫైబర్ తీసుకున్నారు. నెల రోజులు కెమెరాల్లో ఉన్న గుర్తుపట్టే సౌకర్యంతోనే చూశాం. ఇంటి దగ్గర ఆరూ బాగా పనిచేశాయి, చెరువు గట్టు మీద రెండూ కొంగ దిగినా మనిషి అన్నాయి. అప్పుడు ఎన్100 డబ్బా తెచ్చి ఆ రెండిటికే తగిలించాను. అన్నీ కలిపినా షాపు కుర్రాడు చెప్పిన కంప్యూటర్ ఒక్కదాని ధరకి చాలా దూరంలోనే ఆగింది.

బిగించిన వారంలోపు ఒక రాత్రి మెయిన్ ఆపి చూడండి. ఇన్వర్టర్ మీద ఎన్ని గంటలు నడిచిందో రాసుకోండి, తర్వాత ఇన్వర్టర్ కూడా ఆపేసి పది నిమిషాల తర్వాత అన్నీ ఆన్ చేయండి. ఏ బటనూ నొక్కకుండా ఎనిమిది కెమెరాలూ టీవీలో తిరిగి వచ్చాయా, టైము సరిగ్గా ఉందా, ఫోన్‌కి అలారం వస్తోందా చూసుకున్నాకే బిగించినవాళ్ళకి మిగతా డబ్బు ఇవ్వండి.